పడవలో మనకు చోటుంది

ఫిబ్రవరిలో జరిగిన ట్వైలైట్ పడవల రేసు గురించి మన సిడ్నీ తెలుగు సంఘం గ్రూపులో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ తర్వాత ఉగాది వచ్చింది, ఫోటోలు వచ్చి పడ్డాయి, ఆ సాయంత్రం సంగతి అడుగున పడిపోయింది. నాకు మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సిడ్నీ హార్బర్‌లో ఒక సెయిలింగ్ క్లబ్బువాళ్ళు మన సంఘాన్ని పిలిచారు. వారం మధ్యలో జరిగే సాయంత్రపు రేసులో మనవాళ్ళని క్రూగా, అంటే పడవ నడపడంలో సాయం చేసే మనుషులుగా, ఎక్కించుకుంటామన్నారు. పైసా అడగలేదు. పన్నెండు మంది పేర్లిచ్చారు. నాలుగు పడవలవాళ్ళు తమతో ఎప్పుడూ వచ్చేవాళ్ళని ఆ వారానికి ఆగమని చెప్పి, పడవకి మూడేసి చోట్లు మనకోసం ఖాళీగా ఉంచారు. ఐదింటికల్లా జెట్టీ మీద ఉండాలని ముందే మెసేజ్ వెళ్ళింది. ఐదింటికి వచ్చింది నలుగురు. ఇద్దరు ఆరు దాటాక పార్కింగ్ దొరకడం లేదని ఫోన్ చేశారు. మిగతా ఆరుగురి జాడే లేదు.

ఒక పడవకి మనుషులు చాలక రేసులోకే దిగలేదు. ఆ పడవ స్కిప్పర్ డెబ్బై దాటిన పెద్దాయన. అప్పటికే పెద్ద తెరచాప కవరు తీసి, తాళ్ళన్నీ సర్ది, మనవాళ్ళ కోసం లైఫ్ జాకెట్లు వరసగా పేర్చి పెట్టుకున్నాడు. మిగతా పడవలు వెళ్ళిపోయాక ఆ జాకెట్లు ఒక్కొక్కటే మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒక మాట అనుంటే నాకే నయంగా ఉండేది.

ఉగాది భోజనాల దగ్గర ఈ విషయం ఎత్తితే, నేనెంతో గౌరవించే బాబాయిగారు ఒకరు, "అది డబ్బున్న తెల్లవాళ్ళ ఆటమ్మా, మనకెందుకు?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. జెట్టీ మీద ఖాళీగా మిగిలిన చోట్ల కంటే ఆ తలలూపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

డబ్బు సంగతే ముందు చూద్దాం. పడవ కొనడం, దాన్ని కట్టేసే చోటుకి అద్దె కట్టడం, ఏటా పైకి తీసి అడుగున నాచు గీకించి రంగు వేయించడం, ఇదంతా ఖరీదైన వ్యవహారమే. కానీ అది ఓనరు ఖర్చు. క్రూకి కావలసింది డెక్ మీద మరకలు పడని మెత్తటి అడుగున్న బూట్లు, టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళ సీసా. ముప్పై, ముప్పై అయిదు అడుగుల పడవని రేసులో నడపాలంటే అయిదారుగురు కావాలి. అంతమందిని ప్రతివారం పోగేయడం ఓనరుకి పెద్ద టెన్షన్. అక్టోబరులో గడియారాలు ముందుకి జరిపిన దగ్గర్నుంచి వేసవి అయ్యేదాకా ఈ హార్బర్‌లో ఏదో ఒక క్లబ్బు సాయంత్రాలు రేసు పెడుతూనే ఉంటుంది. మనుషులు చాలని పడవ ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. ఒక్కో పడవ వేగాన్ని బట్టి సమయాన్ని సర్దే హ్యాండిక్యాప్ ఉంటుంది కాబట్టి, వెనకాల వచ్చిన పడవ కూడా లెక్కలు వేశాక గెలవచ్చు.

నేనూ అలాగే వెళ్ళాను. ఆఫీసులో ఒకావిడ, మనిషి తక్కువైంది రమ్మని బతిమాలితే, బస్సు ఎక్కినంత సులువుగా ఏమీ ఎక్కలేదు. మా అమ్మది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు మా ఇంటివాళ్ళు పోయారు. సముద్రం అంటే అమ్మ ముఖం మారిపోయేది. బీచ్‌కి వెళ్ళినా మడమలు తడిస్తే చాలు, వెనక్కి లాగేసేది. ఆ భయం ఉత్త భయం కాదు. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళని నేను ఊరుకోను.

ఆ మొదటి సాయంత్రం నన్ను వించ్ దగ్గర, అంటే తాడు చుట్టి లాగే డ్రమ్ము దగ్గర, కూర్చోబెట్టారు. ముందు తెరచాపని లాగే తాడు దీనికే చుట్టుకుంటుంది. తాడు ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ముందు రెండు చుట్లు, బరువు పడ్డాక ఇంకొకటి. చుట్లు వేసేటప్పుడు వేళ్ళు డ్రమ్ముకి దూరంగా ఉండాలి, లేకపోతే తాడుతో పాటు లోపలికి పోతాయి. తాడు కాస్త వదలాలంటే అరచెయ్యి చుట్ల మీద ఆనించి, వేలెడంత జారనివ్వాలి. పడవ మలుపు తిరిగేటప్పుడు ఇవతలి మనిషి తాడు వదిలేసిన క్షణంలోనే అవతలి మనిషి లాగాలి. స్కిప్పర్ 'రెడీ అబౌట్' (తిరగడానికి సిద్ధం) అని అరిచి చుక్కాని తిప్పాక తెరచాప అవతలికి పోయి, పడవ ఒరిగి, మళ్ళీ వేగం అందుకోవడం అంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది. ఫోర్ట్ డెనిసన్ పక్కనుంచి షార్క్ ఐలాండ్ వైపు వెళ్తుంటే నా చేతిలో తాడు వణుకుతూ గాలి బలం ఎంతో చెప్తోంది. అన్నేళ్ళుగా ఒడ్డునుంచి చూసిన నీళ్ళు అప్పుడే నాకు అర్థమవడం మొదలైంది.

భయం పోయిందా అంటే పోలేదు. దానికి ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది. వేసవిలో ఎండ మండిపోతున్న రోజున గాలి ఉన్నట్టుండి పడిపోయి, కాసేపటికి దక్షిణం నుంచి ఉరుముకుంటూ వస్తుంది. సదర్లీ బస్టర్ అంటారు. అది వస్తుందని ముందే చూసుకుని తెరచాప కుదించాలి, జాకెట్లు బిగించుకోవాలి. మరీ ఎక్కువైతే రేసు రద్దు చేస్తారు. నారింజ రంగు డైమండ్ గుర్తు పెట్టుకున్న ఫెర్రీ వస్తే తెరచాప పడవే తప్పుకోవాలి. సముద్రాన్ని నమ్మమని ఎవరూ చెప్పరు, దాన్ని గమనించడం నేర్పుతారు. దివిసీమ పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి?

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. నీళ్ళ మీద రిఫరీ ఉండడు. గాలి ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ, కుడివైపు నుంచి తగులుతున్న పడవకి దారివ్వాలి. ఇవ్వకపోతే తప్పు చేసినవాళ్ళే పక్కకి వెళ్ళి రెండు చుట్లు తిరిగి రావాలి. ఎవరూ చూడకపోయినా తిరగాలి. ప్రపంచమంతా పాటించే రేసింగ్ రూల్స్‌లో మొట్టమొదటిది, ఆపదలో ఉన్నవాళ్ళకి చేతనైనంత సాయం చెయ్యాలన్నది. ఇది మనకి కొత్తా? 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో ఏముంది? తుపానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప మరేదీ ముట్టననీ మాటిచ్చాడు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. కోరంగి రేవునుంచి మనవాళ్ళు బర్మా వెళ్ళారు. తెల్లవాళ్ళ ఆట అని తలలూపినవాళ్ళు ఇది కొంచెం ఆలోచించాలి.

అంత వెనక్కి కూడా వెళ్ళక్కర్లేదు. 2017 సెప్టెంబరులో గోవానుంచి బయల్దేరి యాభై అయిదడుగుల తారిణి మీద భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో ఇద్దరు మనవాళ్ళు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. వాళ్ళు మొదట ఆగింది మనం ఉంటున్న ఈ ఆస్ట్రేలియా గట్టునే, ఫ్రీమాంటిల్‌లో. హుస్సేన్‌సాగర్ మీద బస్తీ పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవల్లో రేసులు చేస్తున్నారు. హార్బర్‌కి గంట దూరంలో ఇళ్ళు కొనుక్కున్న మన పిల్లలేమో ఏడాదికోసారి మనం అద్దెకి తీసుకునే క్రూయిజ్‌లో డీజే పాటలకి డాన్సు చేసి, ఆపెరా హౌస్ ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తున్నారు. ఆ క్రూయిజ్ నాకూ ఇష్టమే. గోంగూర మటన్ లైన్లో నేనూ నిలబడతాను. కానీ కిటికీ అవతల రేసు పడవలు ఒరిగి దూసుకుపోతుంటే పిల్లల్ని పిలిచి చూపించేవాళ్ళు కూడా ఉండరు.

ఇక ఆలస్యం. మన ఫంక్షన్లకి కార్డు మీద అయిదని వేస్తే దీపం వెలిగేది ఏడింటికి. దీన్ని నేను మరీ తప్పుపట్టను. పిల్లల డాన్సు డ్రెస్సులు, ఇంటినుంచి తెచ్చే వంటలు, ఎవరో ఒక పెద్దావిడని తీసుకురావడం, ఇవన్నీ దాని వెనక ఉంటాయి. మనవాళ్ళ మధ్య అది సర్దుకుపోతుంది. రేసులో కుదరదు. అయిదు నిమిషాల ముందు జెండా, హారను. నాలుగుకి ఇంకో జెండా. ఒక నిమిషం ఉండగా అది దిగుతుంది. సున్నాకి రేసు మొదలు. ఎవరికోసమూ ఆగదు. అక్కడికి పేరిచ్చి రాకపోవడం ఆలస్యం కాదు, మాట తప్పడం. ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపని మనం, మనకోసం చోటు ఉంచినవాళ్ళని అలా వదిలేశాం.

క్లబ్బువైపు లోపాలూ ఉన్నాయి. వెంట్‌వర్త్‌విల్, స్కోఫీల్డ్స్ లాంటి పడమటి శివార్ల నుంచి వారం మధ్యలో ఎంఫోర్ హైవే మీద పడి అయిదింటికి చేరడం కష్టమే. శాకాహారులకి అక్కడ చిప్స్ తప్ప పెద్దగా దొరకదు. మొదటిసారి వెళ్ళినవాళ్ళని ఎవరూ పలకరించకపోవచ్చు కూడా. కానీ పులిహోర డబ్బా ఒకటి తీసుకెళ్ళి చూడండి. రేసయ్యాక తాళ్ళు చుడుతూ మా పడవవాళ్ళు మొదట అడిగేది దాన్నే.

కమిటీవాళ్ళకి నా విన్నపం. ముందు ఆ క్లబ్బుకి సంఘం పేరుమీద క్షమాపణ ఉత్తరం రాయండి. జాకెట్లు పేర్చిన పెద్దాయన్ని వచ్చే దీపావళికి కుటుంబంతో సహా పిలవండి. అక్టోబరులో కొత్త సీజన్ మొదలయ్యేలోపు, మళ్ళీ వస్తామని, ఈసారి ఆరుగురమే వస్తామని చెప్పండి. ఆ ఆరుగురిలో సగం ఆడపిల్లలు ఉండాలని నా కోరిక. ఈత రానివాళ్ళు ఈలోగా నేర్చుకోవచ్చు, కౌన్సిల్ పూల్స్‌లో పెద్దవాళ్ళకీ నేర్పుతారు. రైలు దిగి నడిచి రాగలిగే క్లబ్బులు ఉన్నాయి, దారి నేను చెప్తాను. పేరిచ్చాక పని పడితే ముందురోజు రాత్రికల్లా ఒక్క మెసేజ్ పెట్టండి, ఆ చోటుకి ఇంకొకరిని పిలుచుకుంటారు.