శ్రీమాన్ ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ గారికి

మహారాజశ్రీ ఖండన గారి దివ్య సముఖానికి, ఒడిశా రాష్ట్రం గంజాం జిల్లా బరంపురం నుంచి ఒక తెలుగు పాఠకుడు రాసుకునే విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. లోకంలో పేపర్లున్నంత కాలం, వాటిలో ఒకరినొకరు తిట్టుకుంటున్నంత కాలం మీకు తిండికి లోటుండదు. పార్టీ ఆఫీసుల్లో మీకు పర్మనెంటు ఉద్యోగం. కొత్త సినిమా విడుదలైన వారం ఫ్యాన్స్ అసోసియేషన్లలో ఓవర్‌టైం. వాళ్ల దగ్గర మీరేం చేసినా నాకు పట్టింపు లేదు. హేతువు మీద ఒట్టు పెట్టుకుంటామని వాళ్లెప్పుడూ అనలేదు కదా. కానీ మా ఊరి అయన్ రాండ్ అభిమానుల దగ్గర కూడా మీరు అదే యూనిఫాం వేసుకుని కూర్చోవడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఆవిడ సంగతి మీకు తెలుసు, మిగతావాళ్ల కోసం చెప్తాను. 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి మందుల షాపును బోల్షెవిక్కులు లాగేసుకున్నారు. 1926లో అమెరికా చేరింది. 1957 అక్టోబరులో ‘అట్లాస్ ష్రగ్డ్’ అనే వెయ్యి పేజీలు దాటిన నవల అచ్చు వేయించింది. మనిషికి హేతువే ప్రమాణం, ఎవరి ఆనందం వారికి ధర్మం, త్యాగం గొప్పేమీ కాదు, పోలీసు, కోర్టు, సైన్యం తప్ప ప్రభుత్వం దేనిలోనూ వేలు పెట్టకూడదు. టూకీగా ఇదీ సిద్ధాంతం. పేరు ఆబ్జెక్టివిజం. దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, కాలితో తన్నేవాళ్లూ ఉన్నారు. మధ్యలో మనిషి కనపడడు. నేను ఆ ఖాళీ జాగాలో ఉంటాను, అందుకే రెండు వైపుల దుమ్మూ నా మీదే పడుతుంది.

మా ఊళ్లో ఆవిడ అభిమానులు గుప్పెడుమంది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ జ్వరం తగిలి ఇంకా దిగనివాళ్లు కొందరు, పట్టుచీరల కొట్టు కుర్రాడొకడు, మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ ఒకడు, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు. ఈ పెద్దాయన నెలనెలా పింఛను తీసుకుంటూ ప్రభుత్వాన్ని తిడతారని నేను ఎత్తిపొడవను. అది చవకబారు మాట. (రాసేశాను గానీ, అననట్టే అనుకోండి.)

మొన్నామధ్య ఇచ్ఛాపురం దాటి మా దాకా వచ్చే ఒక తెలుగు పేపరు ఆదివారం అనుబంధంలో ఆవిడ మీద అర పేజీ వ్యాసం పడింది. సిగరెట్టు పట్టుకున్న ఫొటో, పైన ‘స్వార్థానికి గుడి కట్టిన రచయిత్రి’ అని హెడ్డింగు. వ్యాసం చెత్తగా ఉంది. రాసినాయన నవల అట్ట తిప్పిన దాఖలా లేదు. కథానాయకుడు జాన్ గాల్ట్‌ని నాలుగు చోట్లా ‘గోల్డ్’ అని రాశాడు. ఆవిడని జర్మనీ తత్వవేత్తని చేశాడు. చివరి పేరాలో మాత్రం ఉత్సాహం పట్టలేక, ప్రభుత్వ సాయం పాపమన్న మనిషి ముసలితనంలో అమెరికా సర్కారు ఇచ్చే వృద్ధాప్య పింఛను, అదే సోషల్ సెక్యూరిటీ డబ్బులు తీసుకుందని, ఇంతకంటే మోసం ఉందా అని ముగించాడు.

ఇంత తేలికైన వ్యాసానికి జవాబు రాయడం కష్టమా చెప్పండి. గాల్ట్, గోల్డ్ ఒక్కటి చూపించినా రచయిత పరువు పోయేది. కానీ సోమవారం తెల్లారేసరికి మీరు రంగంలోకి దిగారు. ‘అయ్యా, మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం. రచయిత అసలు ఆ పుస్తకాలు చదివారా? సందర్భం నుంచి విడదీసి బురద చల్లడం ఒక వర్గం మేధావులకు అలవాటే. బేషరతుగా క్షమాపణ చెప్పాలి.’ ఇదీ మీ శరీరం మొత్తం. వ్యాసంలో ఏ మాట తప్పో మీలో ఎక్కడా లేదు. అభిమానులు తలా ఒకటి పంపారు, అన్నిటిలోనూ అవే వాక్యాలు, అవే కామాలు. వాట్సాప్‌లో వచ్చిన నమూనాని దించుకున్నారు. రెప్రజెంటేటివ్ కుర్రాడు పంపినదాంట్లో ‘కింద మీ పేరు పెట్టుకోండి’ అన్న లైను కూడా అలాగే ఉండిపోయింది. మందతో నడవొద్దు, సొంత బుర్రతో బతకమన్న మనిషిని వెనకేసుకొచ్చిన తీరిది.

మీ ఆయుధాలన్నిట్లో నాకు ముచ్చటైనది ‘అసలు చదివారా?’ అన్నది. ప్రశ్నలాగే కనిపిస్తుంది గానీ దానికి జవాబు ఎవరూ ఎదురు చూడరు. మా దగ్గర కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక ఒడియా లెక్చరరు గారున్నారు. మా ఊరి ఒడియావాళ్లు చాలామందిలాగే తెలుగు గడగడ మాట్లాడతారు. అయన్ రాండ్ అంటే ఆయనకు గిట్టదు, ఆ సంగతి దాచుకోరు. ఆయన ఓ సాయంత్రం వీళ్ల మేడ మీదికి వెళ్లి కూర్చున్నారు.

“ఏటండి సార్, చదివినారా అసలు?” అన్నాడు పట్టుచీరల కుర్రాడు.

“చదివాను బాబూ.”

“మొత్తమా?”

“గాల్ట్ రేడియో ప్రసంగంతో సహా.”

ఆ ప్రసంగం అరవై పేజీల దాకా ఉంటుంది. అభిమానుల్లోనే సగం మంది అక్కడ పేజీలు తిప్పేస్తారు. కుర్రాడు కాస్త తగ్గాడు. అప్పుడు పెద్దాయన అందుకున్నారు. ఏ వయసులో చదివారు? ఏ ఉద్దేశంతో చదివారు? ఆవిడ వ్యాసాలు కూడా చదివాకే నవల చదివారా? అలా జల్లెడ పడుతూ పోతే చివరికి తేలిందేమిటంటే, చదివినవాడు ఒప్పుకుని తీరాలి, ఒప్పుకోకపోతే చదవనట్టే లెక్క. లెక్చరరు గారు తక్కువ తిన్నారా? సంచిలోంచి 1957 నాటి ఒక సమీక్ష కాపీ తీసి, పోనీ దీన్ని మీరు చదవండి, మాట్లాడుకుందాం అన్నారు. “అలాంటివి మేం చదవం. చదవక్కర్లేదు” అన్నారు పెద్దాయన. ఆ మాట అంటున్నప్పుడు మీరు ఆయన కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నారు, నేను చూశాను.

ఆ సమీక్ష మీకు పాత శత్రువే. 1957 డిసెంబరు 28న ‘నేషనల్ రివ్యూ’ పత్రికలో విటేకర్ ఛాంబర్స్ రాశాడు. ఆ నవల్లో దాదాపు ఏ పేజీ తీసినా ‘పో, గ్యాస్ ఛాంబర్‌కి పో’ అని ఆజ్ఞాపించే గొంతు వినిపిస్తుందన్నాడు. యూదు కుటుంబంలో పుట్టిన రచయిత్రిని పట్టుకుని, హిట్లర్ చచ్చి పదమూడేళ్లయినా కాకముందు అన్న మాట అది. అంతకన్నా దారుణంగా తిట్టడం ఎవరి తరం? మావాళ్లు దీన్ని కమ్యూనిస్టుల కుట్ర అంటారు. కానీ ఆ పత్రిక పెట్టిందే కమ్యూనిస్టుల మీద విరుచుకుపడటానికి. ఛాంబర్స్ ఒకప్పుడు కమ్యూనిస్టే, సోవియట్ల కోసం గూఢచారిగా పని చేసినవాడే గానీ, అప్పటికి దాన్ని వదిలేసి వాళ్ల మీదే సాక్ష్యం చెప్పిన మనిషి. దేవుడి మీద నమ్మకం ఉన్నవాడు కాబట్టి దేవుణ్ణి కాదన్న నవల మీద మండిపడ్డాడు. శత్రువు ఎవరో తెలియకుండా బాణం వేస్తే అది ఎటు పోతుంది?

దానికి జవాబు లేకనా? ఉంది. ఆ నవల్లో నాయకులు ఎవరినీ శిబిరాలకు తోలరు, పని మానేసి కొండల్లోకి వెళ్లిపోతారు. సమ్మె చేస్తారు, అంతే. ఇది చెబితే ఛాంబర్స్ మాట సగం వీగిపోతుంది. మిగతా సగం కోసం మాత్రం సొరంగం ఘట్టం దగ్గరికి రావాలి. అధికారుల మూర్ఖత్వం వల్ల రైలు సొరంగంలో చిక్కుకుని జనం ఊపిరాడక చచ్చిపోతారు. రచయిత్రి ఒక్కో పెట్టె దగ్గర ఆగి, ఈ ప్రొఫెసరు ఇలా నమ్మేవాడు, ఈ టీచరు పిల్లలకిలా నూరిపోసింది, పిల్లలిద్దరినీ పడుకోబెడుతున్న ఈ తల్లి మొగుడు సర్కారు ఉద్యోగి అని లెక్కలు చెబుతుంది. చావుకి వాళ్ల ఆలోచనలే అర్హత అన్నట్టు ఉంటుంది ఆ వరస. హౌరా-మద్రాసు లైను మీద రాత్రి రైళ్లలో పిల్లల్ని పడుకోబెట్టుకుంటూ తిరిగిన నాకు ఆ పేజీలు గొంతు దిగలేదు. నిజమైన అభిమాని ఈ ఘట్టాన్ని ఎదుర్కోవాలి. అది కోపమా, హెచ్చరికా, రచయిత్రి చేతిలో అదుపు తప్పిందా, ఏదో ఒకటి తేల్చాలి. మీరు అక్కడికి రారు. ‘సందర్భం నుంచి విడదీశారు’ అని గుమ్మంలోనే ఆపేస్తారు. సందర్భం లోపల ఉంది మహాప్రభో!

మీ వంశం మూలపురుషుడు కూడా ఆ ఏడాదే పుట్టాడు. గ్రాన్‌విల్ హిక్స్ అనే సమీక్షకుడు న్యూయార్క్ టైమ్స్‌లో ఆ నవల ద్వేషంలోంచి పుట్టిన పుస్తకం అన్నాడు. దానికి నవంబరులో ఒక అభిమాని రాసిన జవాబు అదే పత్రికలో అచ్చయింది. ఈ నవల జీవితానికీ ఆనందానికీ పండుగ, హేతువునూ లక్ష్యాన్నీ తప్పించుకు తిరిగే పరాన్నజీవులు నశించాల్సినట్టే నశిస్తారు అని అందులో ఉంది. ద్వేషం లేదని రుజువు చేయడానికి ఇలాంటి వాక్యం రాయాలంటే మీ సహాయం ఉండి తీరాలి! ఆ ముప్పై ఒకటేళ్ల అభిమాని పేరు అలన్ గ్రీన్‌స్పాన్. తర్వాత 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వుకు అధిపతిగా ఉన్నాడు. ఆర్థిక సంక్షోభం వచ్చాక 2008 అక్టోబరులో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని తన ఆలోచనా విధానంలో ఒక లోపం కనిపించిందని ఒప్పుకున్నాడు. అప్పుడు పేపర్లన్నీ అయన్ రాండ్ మీద పడ్డాయి. మరి మీరేం చేశారు? ఆయన ఎప్పుడో దారి తప్పాడు, మనవాడే కాదన్నారు. కేంద్ర బ్యాంకు అన్నదే ఆ సిద్ధాంతానికి పడదు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. అయితే ఆయన కుర్చీలో వెలిగినన్నాళ్లూ మావాళ్లు ఆయన పేరు చెప్పుకుని కాలరెగరేసిన సంగతి నాకు గుర్తుంది.

ఇక మీ సంచిలో అంకెలు. అప్పుడప్పుడు ‘బైబిల్ తర్వాత ఇదే’ అని, మీ జీవితాన్ని మార్చిన పుస్తకం ఏదని పాఠకులను అడిగిన 1991 నాటి అమెరికా సర్వే ఒకటి తీస్తారు. అందులో బైబిల్ పేరు చెప్పినవాళ్లు నూరు దాటితే ఈ నవల పేరు చెప్పినవాళ్లు ఇరవై లోపే. రెండో స్థానం నిజమే గానీ, మొదటి స్థానం కంటికి ఆనదు. 1998లో మోడర్న్ లైబ్రరీ అనే అమెరికా ప్రచురణ సంస్థ వాళ్లు ఇరవయ్యో శతాబ్దపు మేటి నవలలు ఏవని పాఠకుల ఓట్లడిగితే మొదటి రెండు స్థానాలూ ఆవిడవే. నిపుణుల జాబితాలో ఒక్కటీ లేదు. మూడో స్థానం ఎవరిదో మీరు చెప్పరు, నేను చెప్తాను. సైంటాలజీ అనే కొత్త మతం స్థాపకుడు ఎల్. రాన్ హబ్బార్డ్ గారిది. భక్తులు వరసలో నిలబడి ఓట్లేస్తే ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. మెజారిటీ మాట సత్యానికి కొలత కాదని నేర్పిన సిద్ధాంతానికి ఓట్ల లెక్క చూపించి పరువు కాపాడటం మీ వల్లే అవుతుంది.

మీరు మొదటి నుంచీ ఇంతే అనలేను. మా ప్రాంతంలో మిమ్మల్ని పనిలో పెట్టుకున్న మహానుభావుడు ఒకరున్నారు. ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో 1880లో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాషను బడిలోకి రానివ్వమన్నందుకు ఆయన మీద పండితులు విరుచుకుపడ్డారు. భాషను భ్రష్టు పట్టిస్తున్నాడన్నారు. ఆయన ‘నా వాదం అసలు చదివారా?’ అని కూర్చోలేదు. ఎదుటివాళ్ల పుస్తకాలు తనే చదివారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల సొంత రాతల్లోంచి, వాళ్ల వ్యాకరణం ప్రకారమే తప్పయ్యే ప్రయోగాలు ఏరి వాళ్ల ముందే పోశారు. తిట్టినవాడికి తన వాక్యమే ఎదురు సాక్ష్యం చెబితే ఇంక మాట్లాడేదేముంది? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుస్తకాల పెట్టెలతో పాటు మీలో ఉన్న సరుకంతా బండెక్కిపోయి, ఇక్కడ మాకు మీ యూనిఫాం ఒక్కటే మిగిలిందేమోనని నా అనుమానం.

ఇంతకీ ఆ సోషల్ సెక్యూరిటీ సంగతి. పేపరాయన పెద్ద బాంబు అనుకుని వేసింది అదే కదా. ఆవిడ ఆ డబ్బు తీసుకున్న మాట నిజం, భర్త ఇంటిపేరుతో రికార్డుల్లో ఉంది. మావాళ్లు ముందు అబద్ధం అన్నారు. తర్వాత వ్యక్తిగత విషయం అన్నారు. ఆ తర్వాత పరువు నష్టం దావా అన్నారు. కానీ 1966లోనే ఆవిడ దీని మీద వ్యాసం రాసి పెట్టింది. బలవంతంగా పన్ను వసూలు చేసిన ప్రభుత్వం నుంచి స్కాలర్‌షిప్పు గానీ అలాంటి సాయం గానీ తీసుకోవచ్చు, అయితే దాన్ని పోగొట్టుకున్న డబ్బు వెనక్కి రావడంగానే చూడాలి, ఆ పథకాలను వ్యతిరేకిస్తూనే ఉండాలి అంది. ఆ వాదన నాకు పూర్తిగా మింగుడు పడదు. వ్యతిరేకించినవాడికి హక్కుండి, నోరు మూసుకున్నవాడికి లేకపోవడం తమాషాగా ఉంది. కానీ అది వాదన. మోసం అన్నవాడి నోరు ఒక్క దెబ్బకి మూయించే వాదన. అభిమానుల్లో ఒక్కరూ దాన్ని బయటికి తీయలేదు. నేనే చెబితే, పెద్దాయన కళ్లజోడు తీసి నా వైపు అనుమానంగా చూసి “మీరు ఎవరి వైపండీ?” అన్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. అనుబంధాల వాళ్లకి సరుకు తక్కువైనప్పుడల్లా ఈ పింఛను కథ మళ్లీ వస్తుంది, సిగరెట్టు ఫొటోతో సహా. ఈసారి మీరు రాకండి. మీ బదులు ఆ 1966 వ్యాసం జిరాక్సు, దాని మీద అరపేజీ తెలుగు, గాల్ట్ పేరుకి సరైన స్పెల్లింగూ పంపించండి. జిరాక్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. ఒకరి దగ్గర ఊరికే తీసుకోవడం సిద్ధాంతానికి విరుద్ధమని పెద్దాయన అభ్యంతరపెడితే, ఇన్నేళ్లుగా ఆయన నాకు చెప్పిన ప్రసంగాలకు నష్టపరిహారం ఆయనే నాకు బాకీ ఉన్నారని, అందులోంచి మినహాయించుకుంటానని చెప్పండి.

ఇట్లు,
ఖాళీ జాగాలో నివాసం,
బరంపురం