బానెట్ ఎత్తి చూపించే పుస్తకాలు కావాలి

క్యూబా రాజధాని హవానా మీద వచ్చే ఫొటో పుస్తకాలన్నీ పాత అమెరికన్ కార్లనే అట్టమీద వేస్తున్నాయని, అసలు ఊరు వాటి వెనక దాక్కుంటోందని మీ వ్యాసంలో రాశారు. సగం ఒప్పుకుంటాను. 1519 నాటి ఊరది. దాని పాత పట్నం 1982లోనే యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అలాంటి ఊరిని గులాబీ రంగు కన్వర్టిబుల్ వెనక తెరలా వాడుకోవడం అన్యాయమే. ఆ పాత భవనాలను నిలబెట్టడానికి దశాబ్దాలు పాటుపడిన యుసేబియో లియాల్ పేరైనా లేకపోతే అదేం పుస్తకమండీ?

కానీ ఆ కార్లకు ఊరి చరిత్రలో చోటు లేదంటే మాత్రం ఒప్పుకోను. 1962లో అమెరికా ఆంక్షలు పూర్తిగా బిగిశాక అక్కడి నుంచి కొత్త కార్లు రాలేదు, స్పేర్ పార్టులూ రాలేదు. ఉన్నవాటినే తండ్రి తర్వాత కొడుకు నడుపుకున్నారు. 1950ల షెవర్లే బానెట్ ఎత్తితే చాలాసార్లు లోపల కనిపించేది వేరే బండి డీజిల్ ఇంజనే. ఒడిశాలోని మా బరంపురంలో అంబాసిడర్లు బాగుచేసే షెడ్ల పక్కనే పెరిగాను. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. పార్టు దొరక్కపోతే లేత్ మీద తిప్పించి, ఆకురాయితో అరగదీసి, సరిపోయేదాకా బిగించి విప్పి మళ్లీ బిగించే మెకానిక్‌లను చూశాను. అందుకే హవానా మెకానిక్ గ్రీజు చేతుల ఫొటో కనిపిస్తే ఆ పేజీ తిప్పబుద్ధి కాదు.

షేర్ టాక్సీగా జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండిని, దాని ఓనరు ఇంటిని, ఆ వీధిని చూపించే పుస్తకాలు మీకు తెలిస్తే తప్పకుండా రాయండి. ఇక్కడ మా తెలుగువాళ్లం కొందరం కలిసి తెప్పించుకుని చదువుకుంటాం.