సీలు విప్పని పేక కట్ట వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అద్దాల బీరువా రెండవ అరలో కొలువైయున్న పేక కట్ట వారి సముఖమునకు, హనుమకొండ వాస్తవ్యుడు, ఒకప్పటి గారడీవాడు వ్రాసుకొన్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం నేను అడగనక్కరలేదు. తమ మీది పలుచని ప్లాస్టిక్ పొర చిరగలేదని రోజుకు రెండుసార్లు చూసుకుంటూనే ఉన్నాను.

తమరిని తెప్పించినది ఇంద్రజాలం కోసమేనని గుర్తు చేయడానికే ఈ లేఖ. తమవంటి వారి ముక్కల మీద సన్నని గుంటలు అద్దుతారని, ఆ గుంటల్లోని గాలి వల్ల ముక్క మీద ముక్క హాయిగా జారుతుందని చదివి మురిసిపోయినవాణ్ణి. 52 ముక్కలను సరిగ్గా సగానికి విడదీసి, ఒకటి విడిచి ఒకటి దూరుస్తూ, పై ముక్క పైనే ఉండేలా 8 సార్లు కలిపితే కట్ట మళ్ళీ మొదటి వరుసకే వస్తుంది. ఆ విద్య సాధించాలని రెండు కట్టలు కొన్నాను, ఒకటి వాడుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి. తమ ముద్రణ ఆగిపోయిందనీ ధర పెరిగిందనీ తెలిసిన రోజున, వాడవలసినదాన్ని కూడా దాచేశాను. ఆ తరువాత వచ్చిన 140 కట్టలదీ ఇదే కథ.

నిజానికి 1885లో అమెరికాలోని సిన్సినాటిలో మొదలైన బైసికిల్ ముక్కలతోనే నేటికీ ఎందరో గారడీవాళ్ళ రోజు గడుస్తోంది. వాటి వీపుకు తెల్లని అంచు ఉంటుంది కనుక, కట్టలో ఒక ముక్క తిరగబడి ఉన్నా ఎదుటివారు పసిగట్టలేరు. తమరికి ఆ అంచు లేదు. నల్లని నేల, బంగారు రేకు, చివరి దాకా పాకిన తీగలు; తిరగబడిన ముక్క తెల్లగా తొంగిచూసి వెంటనే నన్ను పట్టిస్తుంది. గారడీవాడి కోసమే చేశామని చెప్పి గారడీకి అడ్డుపడే వస్తువును అమ్మగలగడం కంటె పెద్ద గారడీని నేను చూడలేదు.

1970లో అమెరికాలోని నార్త్ లాస్ వేగాస్‌లో ఉన్న జెర్రీస్ నగ్గెట్ కాసినో కోసం అచ్చువేసిన కట్టలు నేడు వందల డాలర్లు పలుకుతున్నాయని మా ఆవిడకు వివరించాను. "అయితే మనవీ అమ్మేయండి, వంటింటికి చిమ్నీ వస్తుంది" అన్నది. మన నిర్మల్‌లో నకాషీ చిత్రకారులు చేత్తో రంగులద్దిన గుండ్రని గంజీఫా ముక్కలు, దశావతార కట్టకు 120 చొప్పున, ఆడుకోవడానికే చేసినవి కదా అని కూడా దెప్పింది. పత్రికలో 'పేకాట రాయుళ్ల అరెస్టు' అన్న శీర్షిక కనబడినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. 140 కట్టలున్న ఇంట్లో ఒక్క ఆటా ఆడలేదంటే ఏ ఎస్సై నమ్ముతాడు?

మొన్న మేనల్లుడి పుట్టినరోజున పిల్లలు మ్యాజిక్ చేయమని చుట్టుముట్టారు. బీరువా తెరిచాను, తమ దాకా చేయి చాచాను, వెనక్కి తీసుకున్నాను. గల్లీ చివరి కిరాణా కొట్టు నుండి మామూలు కట్ట తెప్పించాను. సర్వపిండి తింటున్న చేత్తోనే మావాడు ఇస్పేటు రాణిని లాగి, చూసి, మళ్ళీ కట్టలో దూర్చాడు. దాని మూలన మిగిలిన నూనె మరకను బట్టి నేను దాన్ని బయటికి తీశాను (తోటి గారడీవాళ్ళు మన్నించాలి). ఇల్లు చప్పట్లతో మారుమోగింది.

ఆ తరువాత వాడు అద్దాల వైపు చూపించి, "మామా, గా పేకలు దేనికి?" అని అడిగాడు. మ్యాజిక్ కోసమే అన్నాను. "మరి వాటితోని ఎందుకు చెయ్యలే?" అన్నాడు.

ఆ జవాబేదో తమరే సెలవిచ్చి నన్ను ఆదుకోవలసిందిగా ప్రార్థన. మరొక మాట: సుంకం కట్టి విడిపించిన కొత్త కట్టలు రెండు రేపు వస్తున్నాయి, దయచేసి కాస్త జరగగలరు.

ఇట్లు,
తమ కావలివాడు