పక్కింటివాడు పంటినొప్పా?

మొన్న ఆదివారం మా విజయనగరంలో పరమత సహనం మీద ఒక సాంస్కృతికోత్సవం జరిగింది. ఉపన్యాసాలు, సంగీతం, జానపద కళలు అని కరపత్రంలో వేశారు. నిర్వాహకులు మంచివాళ్ళు, పైగా తెలిసినవాళ్ళు. అందుకే పేర్లు రాయడం లేదు. రెండు వేలు చందా ఇచ్చాను కనుక తిట్టే హక్కు మాత్రం వదులుకోను.

ఐదింటికి మొదలు కావలసిన సభ ఆరుంబావుకు మొదలైంది. పోనీ, అది మన సభల ఆనవాయితీ. వేదిక మీద పదమూడు కుర్చీలు. పదమూడు మందికీ శాలువా, జ్ఞాపిక, పూలగుత్తి, ఒక్కొక్కరితో ఫోటో. ఇక ప్రసంగాలు ఎత్తుకున్నారంటే తొమ్మిది దాటేదాకా దించలేదు. మతాలన్నీ ఒకటే మాట చెబుతున్నాయని ప్రతివారూ చెప్పారు. మతాల సంగతేమో గాని, వక్తలందరూ చెప్పింది మాత్రం ఒకటే మాట.

గురజాడ ఊళ్ళో సభ కదా, ఆయన్ను వదలరు. నేను లెక్కపెట్టాను. ఏడుగురు దేశభక్తి గీతం అందుకున్నారు. ఏడుగురూ జాతులు, మతాలు అన్నదమ్ముల్లా మెలగాలన్న పాదం దగ్గరే చప్పట్ల కోసం ఆగారు. అదే గురజాడ 'లవణరాజు కల' కూడా రాశారు. అందులో రాజు కలలో మాల పిల్లను పెళ్ళాడతాడు. ఆ కావ్యం పేరెత్తినవారు ఒక్కరూ లేరు. ఎత్తితే మతం దగ్గర ఆగిన మాట కులం దాకా వస్తుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఇబ్బందిగా కదులుతారు. మతాల మధ్య సామరస్యం మీద ఎంతసేపైనా మాట్లాడవచ్చు, సొంత వీధిలో ఎవరికీ ఖర్చు లేదు.

అసలు నాకు ఈ 'సహనం' అన్న మాట మీదే కోపం. పంటినొప్పిని సహిస్తాం. కరెంటు కోతను సహిస్తాం. అధ్యక్షోపన్యాసాన్ని సహిస్తాం, తప్పదు గనక. పక్కింటివాణ్ణి సహించడమేమిటి? వాడేమైనా రోగమా? యునెస్కో 1995లో సహనం మీద ఒక ప్రకటన చేసిందనీ, అందుకే నవంబరు 16 అంతర్జాతీయ సహన దినమైందనీ ఒక వక్త కాగితం చూసి చదివారు. సహనమంటే ఎదుటివాడి మీద దయతలచడం కాదని ఆ ప్రకటనలోనే ఉంది. ఆ వాక్యం ఆయన కాగితంలోకి ఎక్కలేదు.

ఈ ఊరి పెద్దలు ఎవరినీ సహించి ఊరుకున్న రకం కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథా పితామహులు. ఆయన పారసీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. కాలికి గజ్జె కట్టి రుక్మిణీ కల్యాణం చెప్పే మనిషికి, మధువు మీద పద్యాలు చెప్పిన పరాయి మతంవాడి భాషతో ఏమి పని? పనేమీ లేదు. రుచి ఉంది. ఆ రుచి కోసం కష్టపడి ఒక భాష నేర్చుకున్నాడాయన. దీన్ని సహనమంటే దాసుగారు ఊరుకునేవారు కారు, ఆయన కోపం ఎలాంటిదో మా ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారే మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అందులో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారు. ఇంతకీ ఆయన వాయించింది ఏమిటి? ఫిడేలు. ఐరోపా నుంచి ఓడెక్కి వచ్చిన వాద్యం. దాని శ్రుతి మార్చాం, గడ్డం కింద నుంచి దించి, కింద కూర్చుని పాదానికి ఆనించుకున్నాం, తోడి రాగం పలికించాం. ఇప్పుడు ఫిడేలు లేకుండా కచేరీ ఊహించండి చూద్దాం.

ఇవన్నీ సభలో ఎందుకు రాలేదంటే, రావడానికి సంగీతం గురించి తెలిసినవాడు వేదిక మీద ఉండాలి. లేడు.

ఒకాయన మా ఊరి దగ్గరి రామతీర్థం గురించి మాత్రం బాగా చెప్పారు. ఒకే కొండల వరసలో రామాలయం, గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు. వింటుంటే నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ 2020 డిసెంబరు ఆఖరులో అదే రామతీర్థంలో కొండ మీద రాముడి విగ్రహాన్ని ధ్వంసం చేస్తే, ఆ వారం రోజులూ మన టీకొట్ల దగ్గర ఏమి మాట్లాడుకున్నామో కూడా చెప్పవలసింది. చేసినవాడెవడో తేలకముందే ఎవరు చేసి ఉంటారో అందరికీ తెలిసిపోయింది. నేనూ తక్కువ తినలేదు, వాట్సాప్‌లో వచ్చినదాన్ని ఇద్దరికి పంపాను. ఆ వారం గురించి నోరు విప్పని సభ రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధుల గురించి ఎంత చెప్పినా నాకు లోపలికి దిగలేదు.

ఇక అసలు కడుపుమంట. ఏడున్నరకు మంచినీళ్ళ కోసం వేదిక వెనక్కి వెళ్ళాను. మెట్ల మీద తప్పెటగుళ్ళు ఆడే జానపద నృత్య బృందం కూర్చుని ఉంది. పద్నాలుగు మంది. రొమ్ముకు కట్టుకునే రేకు తప్పెటలు పక్కన వరసగా పెట్టుకున్నారు. ఒక కుర్రాడు తప్పెట మీద తల ఆనించి నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. నాలుగింటికే రమ్మన్నారట. కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టారట, అదీ కూర్చున్న చోటికే తెచ్చి. పెద్దలకు భోజనం లోపల, టేబుళ్ళ మీద.

"మాకు ఎంతసేపు ఇస్తారు బాబూ?" అని బృందం పెద్దాయన అడిగాడు.

"పది నిమిషాలని రాసి ఉంది తాతా."

ఆయన నవ్వాడు. "గజ్జెలు కట్టుకోవడానికే పావుగంట పడుతుంది కదా బాబూ."

తొమ్మిదింపావుకు పిలిచారు. ముఖ్య అతిథి అప్పటికే కారెక్కారు. ఆయన వెనక సగం కుర్చీలు లేచాయి. వీళ్ళు దూకారు. గజ్జెల చప్పుడుకు మిగిలిన వాళ్ళం నిటారుగా కూర్చున్నాం. ఇందాక నిద్రపోయిన కుర్రాడే గాలిలోకి ఎగిరి, తప్పెట తప్పకుండా దిగుతున్నాడు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కట్టారు, అందరికన్నా పైన ఆ కుర్రాడే. సరిగ్గా అప్పుడు వ్యాఖ్యాత మైకు అందుకుని "సమయాభావం వల్ల" అన్నారు. కింద పెద్దాయన పాట ఆపేశాడు. పైన ఉన్న కుర్రాడికి వినపడలేదు, ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. కిందివాళ్ళు ఒక్కొక్కరూ వంగుతుంటే బిత్తరపోయి చూశాడు.

వాళ్ళ తరవాత రావలసిన కవ్వాలీ వాళ్ళకు ఒక్క పాట దక్కింది. హార్మోనియం శ్రుతి చూసుకునేలోపే వందన సమర్పణ కాగితం పట్టుకుని ఒకాయన పక్కన నిలబడ్డారు. ఆయన చేతిగడియారం చూసుకోవడం నేను మూడుసార్లు చూశాను. బాబామెట్ట మీద ఖాదర్ బాబా ఉరుసులో పాడేవాళ్ళ దగ్గర ఎవరూ అలా నిలబడరు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగింపు ముందు బెస్తవారి వల నడుస్తుంటే సమయాభావం అనే ధైర్యం ఈ ఊళ్ళో ఎవరికైనా ఉందా?

నిర్వాహకుల్లో ఒకరికి రాత్రే ఫోను చేశాను. "వక్తలు బాధపడతారండీ" అన్నారు. పద్నాలుగు మంది మెట్ల మీద ఐదు గంటలు కూర్చుంటే అది బాధ లెక్కలోకి రాదు, ఒక వక్తను పది నిమిషాలకు ఆపమంటే వస్తుంది. సభ పేరేమో సహనం.

వచ్చే ఏడు మళ్ళీ చందాకు వస్తారు. ఇస్తాను. ఈసారి ఇచ్చినదానికన్నా ఐదు వందలు ఎక్కువే ఇస్తాను. కాకపోతే రసీదు వెనక "తప్పెటగుళ్ళకు గంట, ఆరింటికి, భోజనం లోపల" అని రాయించుకుని సంతకం పెట్టించుకుంటాను.