క్యాన్సిల్ ఫారం జోలికి అప్పుడే పోవద్దు

అబ్బాయికి ఫుల్ స్కాలర్‌షిప్ వచ్చినా, అమ్మాయికి వేరే రాష్ట్రంలో సీటు వచ్చినా, అమెరికాలోని మన ఇళ్లలో ముందు వినిపించే మాట ఒకటే: ‘ప్రీపెయిడ్ ప్లాన్ క్యాన్సిల్ చేసి డబ్బు తీసేసుకుందాం.’ ప్రీపెయిడ్ ప్లాన్ అంటే పిల్లల కాలేజీ ట్యూషన్‌ను ముందుగానే కొనిపెట్టుకునే పథకం. దాన్ని తొందరపడి క్యాన్సిల్ చేస్తే నష్టం ఎక్కువ.

చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతాలను 529 అంటారు, ప్రీపెయిడ్ కూడా అందులో ఒక రకమే. మామూలు 529 సేవింగ్స్‌లో బ్యాలెన్స్ ఉంటుంది. ప్రీపెయిడ్‌లో మీరు కొన్నది ట్యూషన్ కడతామన్న హామీ. టెక్సాస్ రాష్ట్ర ప్రీపెయిడ్ ప్లాన్ అయిన టెక్సాస్ ట్యూషన్ ప్రామిస్ ఫండ్‌నే చూడండి. అందులో ట్యూషన్‌ను యూనిట్ల లెక్కన కొంటారు. అక్కడ 100 టైప్ 1 యూనిట్లంటే రాష్ట్రంలో అన్నిటికన్నా ఖరీదైన ప్రభుత్వ యూనివర్సిటీలో 30 క్రెడిట్ అవర్లు, అంటే దాదాపు ఒక ఏడాది చదువు. ఈ హామీ పూర్తిగా చెల్లేది టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లోనే. ప్రైవేటుకో బయటి రాష్ట్రానికో వెళ్తే రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు: ఆ యూనిట్లకు టెక్సాస్‌లో అయ్యే ఖర్చు, లేదా మీరు కట్టిన ధరకు ఫండ్ లాభనష్టాలు కలిపిన మొత్తం. కొన్న యూనిట్లు 3 ఏళ్లు నిండితే గానీ వాడుకోవడానికి రావు. హైస్కూల్ అయ్యాక 10 ఏళ్ల గడువు ఉంది కాబట్టి ఇప్పుడే తేల్చేయాల్సిన పనీ లేదు.

ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే బెనిఫిషియరీని (ప్లాన్ ఎవరి చదువు కోసమో ఆ పేరును) మార్చడమే మంచి దారి. తమ్ముడు, చెల్లెలు, బాబాయి పిల్లలు, మేనమామ పిల్లలు, చివరికి తల్లిదండ్రులైనా ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్కలో కుటుంబమే, పన్ను పడదు. మనం ‘అన్నయ్య’ అని పిలుచుకునే స్నేహితుడి కొడుకు మాత్రం వాళ్లకు బంధువు కాడు. వాడి పేరు పెడితే లాభం మీద పన్ను, ఆపైన 10 శాతం అదనం. హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు బంధువే. కానీ అతను చేరే కాలేజీ అమెరికా ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ జాబితాలో ఉండాలి, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. పిల్లల పేరున ఉన్న కస్టోడియల్ డబ్బుతో (యుట్మా, అంటే మైనర్ బిడ్డకు ఇచ్చేసి పెద్దలు చూసుకునే డబ్బు) తెరిచిన ఖాతా అయితే అసలు పేరు మార్చనివ్వరు, ఆ డబ్బు ఆ బిడ్డదే.

వేరే 529కి మార్చేటప్పుడు దెబ్బ తినేది కాగితాల దగ్గర. అసలెంత, లాభమెంత అని విడదీసిన స్టేట్‌మెంట్ పాత ప్లాన్ నుంచి తీసుకుని కొత్త ప్లాన్‌కు ఇవ్వాలి. అది అందకపోతే వచ్చిన మొత్తాన్నీ లాభం కింద రాసేస్తారు. చెక్కు మీ చేతికొస్తే 60 రోజుల్లో జమ కావాలి. అదే బిడ్డ పేరున ఈ మార్పు 12 నెలలకు ఒక్కసారే. 15 ఏళ్లు నిండిన ఖాతా నుంచి బిడ్డ రాత్ ఐఆర్ఏకు (రిటైర్‌మెంట్ ఖాతాకు) జీవితకాలంలో 35,000 డాలర్ల వరకు పంపే వీలు 2024 నుంచి వచ్చింది, కాకపోతే ఏటా రాత్ పరిమితికి లోబడే.

ఇవేవీ కుదరకపోతే అప్పుడు రీఫండ్. స్కాలర్‌షిప్ మొత్తం మేరకు ఆ 10 శాతం మాఫీ అవుతుంది, లాభం మీద మామూలు పన్ను తప్పదు. స్కాలర్‌షిప్ లెటర్‌ను ఆ ఏడాది 1099-క్యూతో (529 నుంచి తీసిన డబ్బును చూపే పన్ను ఫారంతో) కలిపి ఫైల్లో పెట్టుకోండి.