కాసా లోమా యజమానిని ముంచింది ఇల్లు కాదు

మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి పెట్టిన పోస్టు మీకూ వచ్చే ఉంటుంది. టొరంటోలోని కాసా లోమా కోట ఫొటో, దాని కింద కథ. హెన్రీ పెల్లట్ అనే కోటీశ్వరుడు భార్య మీద ప్రేమతో 98 గదుల కోట కట్టాడట. ఉన్నదంతా దానికే ఊడ్చిపెట్టాడట. పన్ను కట్టలేకపోతే సర్కారు లాక్కుందట. చివరికి దిక్కులేని చావు చచ్చాడట. ఇప్పుడది హోటలట. ఆఖర్న "ఇల్లు కట్టి చూడు" సామెత.

సామెత సంగతి సరే, కథే అతకలేదు.

ముందు అసలు విషయం: ఉన్నదంతా ఇంటికే పోయిందా? 1911లో పని మొదలైంది. సుమారు 300 మంది దాదాపు మూడేళ్లు కట్టారు. ఖర్చు 35 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది తలతిరిగే డబ్బే, కాదనను. కానీ ఆ డబ్బు వచ్చిన దారి చూడాలి. 1883 నుంచీ టొరంటోకి కరెంటు అమ్మింది పెల్లట్ కంపెనీ. తర్వాత నయాగరా నీళ్లతో కరెంటు తీసే వ్యాపారంలోనూ దిగాడు. అయితే కరెంటు ప్రజల చేతిలో ఉండాలని ఆడమ్ బెక్ అనే రాజకీయ నాయకుడు పట్టుబట్టడంతో, 1906లో ఒంటారియో (టొరంటో ఉన్న రాష్ట్రం) ప్రభుత్వం సొంత విద్యుత్ కమిషన్ పెట్టింది. 1911లో టొరంటో నగరమే కరెంటు సరఫరాకి దిగింది. అంటే కోట పని మొదలైన ఏడాదే ఆయన ఆదాయానికి గండి పడింది!

అప్పుడు భూముల మీద పడ్డాడు. కోట చుట్టూ డబ్బున్నవాళ్లు ఇళ్లు కట్టుకుంటారని ఆశపడి స్థలాలు కొన్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ప్లాట్లు కొని కూర్చున్నవాళ్లకి ఈ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, కొనేవాళ్లు రాలేదు. ఇదంతా హోమ్ బ్యాంక్ అప్పుల మీద నడిచిన ఆట. 1923 ఆగస్టులో ఆ బ్యాంక్ కుప్పకూలింది. పెల్లట్ సంస్థ దానికి బాకీ పడ్డది దాదాపు 17 లక్షల డాలర్లు. ఆ బ్యాంకులో చిన్న చిన్న మొత్తాలు దాచుకున్న వేలమంది సంగతి ఫార్వర్డులో ఒక్క ముక్క లేదు. కన్నీళ్లన్నీ కోట యజమానికే.

ఇక పన్ను. ఇది సగం నిజం. ఏడాదికి 600 డాలర్లున్న పన్ను నెలకి 1,000 డాలర్లయిందని అందరూ చెప్పేదే. అది దెబ్బే. కానీ 1924లోనే సామాను వేలం వేసి ఆయన కోట వదిలి వెళ్లిపోయాడు. నగరం దాన్ని స్వాధీనం చేసుకున్నది 1933లో. అప్పటికి పన్ను బకాయి 27 వేల డాలర్ల చిల్లర. 17 లక్షల పక్కన పెట్టి చూడండి.

భార్య కోసం కట్టాడన్న మాట ఎక్కడిదో! కోటల మోజు ఆయనది. గుర్రపుశాలల దాకా 800 అడుగుల సొరంగం తవ్వించింది ఏ భార్య కోరిందని? లేడీ మేరీ పెల్లట్‌ని తలుచుకోవాలంటే వేరే కారణం ఉంది: కెనడా గర్ల్ గైడ్స్‌కి మొదటి చీఫ్ కమిషనర్ ఆవిడే. 1924లో పోయారు.

దిక్కులేని చావా? పాత డ్రైవర్ ఇంట్లో, దాదాపు చేతిలో ఏమీ లేకుండా 1939 మార్చిలో చనిపోయాడు. అంతవరకు నిజమే. కానీ అంతిమయాత్ర సైనిక లాంఛనాలతో సాగింది, వీధుల్లో వేలమంది నిలబడ్డారు. 1910లో క్వీన్స్ ఓన్ రైఫిల్స్ రెజిమెంట్ మొత్తాన్ని సొంత ఖర్చుతో ఇంగ్లండ్ తీసుకెళ్లిన మనిషి మరి.

హోటల్ అయింది కూడా నిజమే, కాకపోతే 1920ల చివర్లో. మద్య నిషేధం ఉన్న అమెరికా నుంచి జనం తాగడానికి, డాన్సులకి వచ్చేవారు. అయినా గిట్టక 1929లో మూసేశారు. 1937 నుంచి 2011 దాకా కివానిస్ క్లబ్ అనే సేవా సంస్థ టికెట్టు పెట్టి చూపించింది. 2014 నుంచి ఒక ప్రైవేటు సంస్థ లీజుకి తీసుకుని పెళ్లిళ్లకీ విందులకీ అద్దెకిస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అయితే, అక్కడి గుర్రపుశాలల్లో జలాంతర్గాముల్ని పసిగట్టే సోనార్ పరికరాలు రహస్యంగా తయారుచేశారు. అవతల కోటలో టూరిస్టులు మామూలుగానే తిరుగుతున్నారు. ఇంత మసాలా ఉన్న సంగతి ఆ ఫార్వర్డు రాసినాయనకి ఎలా తప్పిపోయిందో!