ఆ 413 పరుగులు చేపాక్‌లో కొట్టినవి కావు

మొన్న సంక్రాంతికి మా పెరంబూరు వైపు తెలుగువాళ్లం కలిసి జరుపుకొనే వేడుకలో, ముగ్గుల పోటీ, పాటల పోటీ అయ్యాక ఒక క్విజ్ పెట్టారు. అందులో క్రికెట్ గురించి ఒక ప్రశ్న వచ్చింది. వీనూ మన్కడ్, పంకజ్ రాయ్ కలిసి మొదటి వికెట్‌కు 413 పరుగులు జోడించి, 52 ఏళ్ల పాటు ఎవరూ దాటలేని టెస్టు రికార్డును నెలకొల్పింది మన చెన్నైలోని ఏ మైదానంలో? నేను చెయ్యెత్తి నెహ్రూ స్టేడియం అన్నాను. క్విజ్ నడుపుతున్న అబ్బాయి చేతిలోని కాగితం చూసుకొని, "కాదండీ, చేపాక్" అన్నాడు. నేను ఊరుకోలేదు, అతనూ ఊరుకోలేదు. "నెహ్రూ స్టేడియంలో క్రికెట్ ఏమిటి అంకుల్? అక్కడ ఉన్నది రన్నింగ్ ట్రాక్ కదా!" అన్నాడు. హాలంతా నవ్వింది. మార్కులు పక్క జట్టుకు వెళ్లిపోయాయి.

మార్కుల సంగతి నేను మరిచిపోయాను. (మరిచిపోలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు, అది వేరే సంగతి.) నన్ను ఇన్ని రోజులుగా తొలుస్తున్నది ఆ నవ్వు. చదువుకున్నవాళ్లు, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు, సెంట్రల్ స్టేషన్ పక్కనుంచి వారానికి నాలుగుసార్లు వెళ్లివచ్చేవాళ్లు, ఆ మైదానంలో టెస్టు క్రికెట్ జరిగిందంటే హాస్యమనుకున్నారు. ఒకటి కాదు, తొమ్మిది టెస్టులు జరిగాయక్కడ.

ఇప్పటి జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం రిప్పన్ భవనం వెనక, పెరియమేడు వైపున ఉంది. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా పీపుల్స్ పార్క్. 1859లో గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ 116 ఎకరాల్లో, చెరువులతో సహా, ఊరి జనం గాలి పీల్చుకోవడానికి వేయించిన తోట అది. దాన్ని మన ఊరు ముక్కలు ముక్కలుగా తినేసింది. ఒక పక్క విక్టోరియా పబ్లిక్ హాలు వచ్చింది (దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు అన్న సంగతి కూడా మనవాళ్లలో ఎందరికి గుర్తుందో), మరో పక్క మూర్ మార్కెట్, జంతు ప్రదర్శనశాల, 1913 నాటికి రిప్పన్ భవనం, ఇలా ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. అదే నేలలో కార్పొరేషన్ స్టేడియం కూడా లేచింది. తర్వాత దాని పేరు నెహ్రూ స్టేడియం అయినా, మా నాయన చివరిదాకా దాన్ని కార్పొరేషన్ స్టేడియం అనే అనేవారు.

చేపాక్ ఉండగా టెస్టులు ఇక్కడికి ఎందుకొచ్చాయని అడగవచ్చు. చేపాక్‌లో 1934 నుంచే టెస్టులు జరుగుతున్నాయి, భారతదేశం మొట్టమొదటి టెస్టు విజయం సాధించింది కూడా 1952లో అక్కడే. అయితే ఆ మైదానం అప్పట్లో మద్రాసు క్రికెట్ క్లబ్ చేతిలో ఉండేది. 1956 జనవరి నుంచి 1965 దాకా మద్రాసులో జరిగిన ప్రతి టెస్టునూ కార్పొరేషన్ స్టేడియంలోనే ఆడారు. 1967 జనవరిలో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు టెస్టు మళ్లీ చేపాక్‌కు చేరింది, ఆ తర్వాత ఇటువైపు తిరిగి చూడలేదు.

మొదటి టెస్టు 1956 జనవరి 6న న్యూజీలాండ్‌తో మొదలైంది. మా నాయన అప్పటికి కావలి దగ్గర పల్లెనుంచి పని వెతుక్కుంటూ మద్రాసు వచ్చి ఏడాది కూడా కాలేదు, టికెట్ కొనే స్తోమత లేదు. కొత్వాల్ చావడిలో మూటలు లెక్కపెట్టే పని మధ్యాహ్నానికి ముగించుకొని, ఆ గోడ బయట నిలబడి లోపలి అరుపులు వినేవారట. "చప్పట్లు వినిపిస్తున్నాయి గాని వికెట్ పడ్డ కేక ఒక్కటీ లేదు, ఏమిట్రా ఇది అనుకున్నాను" అని చెప్పేవారు. పడితే కదా! ఆ రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. మన్కడ్ 231, రాయ్ 173 పరుగులు చేశారు, జట్టు మూడు వికెట్లకు 537 దగ్గర ఇన్నింగ్స్ డిక్లేర్ చేసి, ఇన్నింగ్స్ 109 పరుగుల తేడాతో గెలిచింది. ఆ 413ను దక్షిణాఫ్రికా ఓపెనర్లు గ్రేమ్ స్మిత్, నీల్ మెకెంజీ చిట్టగాంగ్‌లో 415 చేసి దాటేసరికి 2008 వచ్చింది. మన్కడ్ 231 కూడా చిన్నదేమీ కాదు. అంతకు కొద్ది వారాల ముందు హైదరాబాదు ఫతే మైదాన్‌లో పాలీ ఉమ్రీగర్ భారత్ తరఫున తొలి డబుల్ సెంచరీ చేస్తే (223), అదే సిరీస్‌లో దాన్ని మించిన స్కోరు మద్రాసులో నమోదైంది.

1964 జనవరి నాటికి మా నాయనకు ఒక కాగితాల దుకాణంలో గుమాస్తా ఉద్యోగం దొరికింది, టికెట్ కొనే శక్తీ వచ్చింది. ఇంగ్లండ్‌తో టెస్టు మూడో రోజు జనవరి 12, ఆదివారం, మర్నాడు భోగి. మొదటి ఇన్నింగ్స్‌లో బుధి కుందరన్ 192 కొట్టాడు కనుక ఆ ఆదివారం ఇంకా ఏదో విశేషం చూడవచ్చని, గిన్నెల క్యారియర్‌లో పులిహోర, పెరుగన్నం కట్టించుకొని ఉదయమే వెళ్లి కూర్చున్నారు. ఆయన చూసింది బాపూ నాద్‌కర్ణీ బౌలింగ్. వరుసగా 21 ఓవర్లు, వాటికి అటూ ఇటూ ఓవర్లలోని బంతులూ కలిపితే 131 బంతులు, ఒక్క పరుగూ రాలేదు. ఇన్నింగ్స్ ముగిసేసరికి అతని లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు (పరుగే రాని ఓవర్లు), 5 పరుగులు, వికెట్లు లేవు.

మా నాయన పక్కన, మోకాళ్ల మీద స్కోరు పుస్తకం పెట్టుకొని ఒక పెద్దాయన కూర్చున్నారట. పరుగు రాని బంతికి ఆయన ఒక చుక్క పెడతారు, ఓవర్లో ఆరూ చుక్కలే అయితే పెన్సిలుతో ఆ చుక్కలను కలిపి ఇంగ్లీషు 'ఎమ్' అక్షరంలా గీస్తారు, మెయిడెన్ అని గుర్తు. భోజనాల తర్వాత ఆ అక్షరమే వరసగా పడుతూ పోయింది. మొదట్లో విసుక్కున్న జనం, కొంతసేపటికి ఒక్కో బంతి ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారట. పెద్దాయన పెన్సిలు మొన అరిగిపోతే మా నాయన తన జేబులోని కొట్టు పెన్సిలు ఇచ్చారు, అది తిరిగి రాలేదు. క్రికెట్ చరిత్రలోని ఆ 21 ఓవర్లలో కొన్నిటిని రాసింది మా పెన్సిలేనని మా ఇంట్లో ఒక గర్వం. ఆ తర్వాత దుకాణంలో బోణీ కాని రోజున ఆయన లెక్కల పుస్తకం అంచున చిన్న 'ఎమ్' గీసి, రాత్రి ఇంటికొచ్చి "ఇవాళ మెయిడెనే" అనేవారు. మా అమ్మకు క్రికెట్ తెలియదు గాని ఆ మాట వింటే మాత్రం కూరలో నూనె తగ్గించేది.

మిగతా టెస్టులను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోను. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ రే లిండ్వాల్ 1956 అక్టోబరులో 43 పరుగులకు 7 వికెట్లు తీసింది అక్కడే, వెంకటరాఘవన్ తన సొంత ఊళ్లో మొదటి టెస్టు ఆడింది 1965లో అక్కడే. అయితే 1962 జనవరిని మాత్రం దాటిపోలేను. కారు ప్రమాదంలో ఒక కన్ను చూపు పోయి ఆరేడు నెలలైనా తిరగకుండానే పటౌడీ నవాబు తన తొలి టెస్టు సెంచరీ, 103 పరుగులు, చేసింది ఆ మైదానంలోనే. సలీం దురానీ ఆ మ్యాచ్‌లో పది వికెట్లు తీశాడు. నారీ కాంట్రాక్టర్ నాయకత్వంలో మనవాళ్లు 128 పరుగుల తేడాతో గెలిచి, ఇంగ్లండ్ మీద మొట్టమొదటిసారి సిరీస్ గెలుచుకున్నారు. ఒక దేశపు క్రికెట్‌లో ఇంతకంటే పెద్ద రోజులు ఎన్ని ఉంటాయి? ఆ రోజు జరిగిన చోట ఇప్పుడు నిలబడి అడిగితే, "క్రికెట్టా సార్? చేపాక్‌కు వెళ్లండి, బస్సు ఉంది" అంటారు. అతిశయోక్తి కాదు, గేటు దగ్గర నాకు అక్షరాలా ఇదే జవాబు వచ్చింది.

పాత స్టేడియాన్ని కూల్చినందుకు నేను ఏడుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. క్రికెట్ వెళ్లిపోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. ఊరికి పరుగు పందేలకు సరైన ట్రాక్ కావాలి, ఫుట్‌బాల్‌కు మైదానం కావాలి. పాతది తీసేసి కట్టిన కొత్త స్టేడియం 1993లో తెరిచారు, ఆ ఏడే నెహ్రూ గోల్డ్ కప్ ఫుట్‌బాల్ జరిగింది, 1995 డిసెంబరులో దక్షిణాసియా క్రీడలు జరిగాయి, తర్వాత చెన్నైయిన్ ఎఫ్‌సీ జట్టుకు సొంత గడ్డ అయింది, పక్కనే ఉన్న ఇండోర్ స్టేడియంలో 2022లో చదరంగం ఒలింపియాడ్ ప్రారంభోత్సవం జరిగింది. ఇవన్నీ మంచి పనులే. అప్పటి ప్రభుత్వ స్థానంలో నేనున్నా బహుశా కూల్చే ఉండేవాణ్ణి.

నా అభ్యంతరం వేరు. ఒక కట్టడాన్ని కూల్చి పేరు కూడా మార్చేస్తే, పాత పేరు ఎక్కడైనా కనబడినప్పుడు ఇదేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. మూర్ మార్కెట్ అన్న మాట వింటే మా మనవడు కూడా అదెక్కడుంది అని అడిగాడు. ఇక్కడ పాతదానికీ కొత్తదానికీ పేరు ఒక్కటే అయింది. రికార్డుల పట్టికలో "నెహ్రూ స్టేడియం, మద్రాసు" అని చదివినవాడికి కళ్ల ముందు కదిలేది ఎర్ర ట్రాకు, వలకట్టిన గోల్‌పోస్టు. ఇందులో క్రికెట్ ఎలా ఆడతారు, అచ్చు తప్పు పడి ఉంటుందనుకొని మనసులోనే చేపాక్ అని దిద్దుకుంటాడు. క్విజ్ అబ్బాయి చేసింది సరిగ్గా ఇదే. దీనికి తోడు మన్కడ్ 231 అనే భారత రికార్డును 1983లో గావస్కర్ 236 నాటౌట్‌తో దాటింది నిజంగానే చేపాక్‌లో. మద్రాసులో పుట్టిన రికార్డు మద్రాసులోనే బద్దలైతే, రెండిటినీ ఒకే మైదానానికి కట్టబెట్టడం ఎవరికైనా సులువే. కూల్చివేత తొమ్మిది టెస్టులను పోగొట్టలేదు, వాటిని తీసుకెళ్లి చేపాక్ ఖాతాలో జమ చేసింది. చేపాక్‌కు తన సొంత ఆస్తే బోలెడంత ఉంది, పక్కింటివాళ్ల సొత్తు అక్కర్లేదు.

1995 క్రీడలప్పుడు మా నాయనను అక్కడికి తీసుకెళ్లాను. ఆయన పందేలు చూడలేదు. కొత్త గ్యాలరీలో కూర్చున్న కాసేపటికి లేచి పది మెట్లు పైకి వెళ్లారు, అక్కడినుంచి ఎడమకు జరిగారు, మళ్లీ కిందికి దిగారు. ఏమిటని అడిగితే రిప్పన్ భవనం గడియారం గోపురం వైపు చెయ్యి చూపించి, "ఆ రోజు అది నాకు కుడిచేతి పక్కన ఉండింది, ఆ పెద్దాయన ఎడమ పక్కన" అన్నారు. లోపల పాతదంటూ ఒక్క రాయీ మిగలలేదు కనుక, బయట ఉన్న గోపురాన్ని పట్టుకొని తన చోటు వెతుక్కున్నారు. మూడోసారి కుదిరిందన్నారు. అక్కడే కూర్చొని, ట్రాకు మీద ఎవరో పతకం గెలుస్తుంటే అటు కాకుండా మధ్యలోని పచ్చిక వైపు చాలాసేపు చూశారు.

మూర్ మార్కెట్ 1985 మే 30న కాలిపోయింది. దాని చిన్న నమూనా ఒకటి రైల్వేవారి ఆవరణలో ఇప్పటికీ ఉంది, రైలుకు టైమున్నప్పుడు పిల్లలకు చూపించవచ్చు. మంటల్లో పోయిన సంతకు దక్కిన ఆ మాత్రం మర్యాద, మనమే పనిగట్టుకొని కూల్చిన మైదానానికి దక్కకూడదా? నేను తిరిగినంత మేర గోడల మీద మన్కడ్ పేరు గాని, నాద్‌కర్ణీ పేరు గాని నా కంటపడలేదు. నేను అడిగేది మ్యూజియం కాదు. గేటు దగ్గర తమిళంలో, ఇంగ్లీషులో (చోటుంటే తెలుగులో కూడా, విజయనగరం రాజుగారి మొహం చూసైనా) తొమ్మిది టెస్టుల తేదీలు, ఎదుటి జట్ల పేర్లు, 413 అనే అంకె, 21 అనే అంకె ఉన్న ఒక రాతిపలక. పిచ్ ఎక్కడుండేదో పాత పటాలు చూసి కొలవగలిగితే ఆ చోట పచ్చికలో ఒక గుర్తు. ఈ మొత్తం పనికి ఒక ఆటగాడి మ్యాచ్ ఫీజు కూడా ఖర్చు కాదు.

ఇది రాస్తుండగానే క్విజ్ అబ్బాయి ఫోన్ చేశాడు. ఎక్కడో పాత స్కోరుకార్డు తీసి చూశాడట. "మీరు చెప్పిందే కరెక్ట్ అంకుల్, సారీ. కానీ బహుమతులు ఇచ్చేశాం కదా, ఏం చేయమంటారు?" అని అడిగాడు. బహుమతి మూడు గిన్నెల స్టీలు క్యారియర్. అది గెలిచిన పక్క జట్టులో మా వియ్యపురాలు ఉన్నారు కనుక తిరిగి అడిగే ప్రశ్నే లేదు. వచ్చే ఏడు ఇదే ప్రశ్న మళ్లీ పెట్టమన్నాను, సరేనన్నాడు.